మాట ఒక్కటే, బిల్లులు ఏడు

మిగతా లోకంలో ఇంగ్లీషు మాటకు అర్థం ఇచ్చేది ఆ మాట వాడే మనుషులు. చైనాలో ఇచ్చేది మార్కులు. మార్కున్నది అర్థం, మార్కు లేనిది అనర్థం. పాపం, ఈ కిటుకు తెలియక ఆక్స్‌ఫర్డ్ పండితులు తమ పెద్ద నిఘంటువును 1884లో అచ్చువేయడం మొదలుపెట్టి 1928 దాకా ఈడ్చారు. చైనాలో ఆ పనంతా ఏటా జూన్ 8న మధ్యాహ్నం మూడింటికి మొదలై ఐదింటికల్లా ముగుస్తుంది. గంట కొట్టాక ఇంగ్లీషులో ఏ మాటకూ రెండో అర్థం మిగలదు. మొదటిదీ మిగలదనుకోండి, అది వేరే సంగతి.

ఆ రెండు గంటలు గావ్‌కావ్ అనే కాలేజీ ప్రవేశ పరీక్ష మహాక్రతువులో ఇంగ్లీషు వంతు. 2024లో ఆ పరీక్షకు పేరు నమోదు చేసుకున్నవాళ్లు కోటీ 34 లక్షల 20 వేల మంది. మొత్తం 750 మార్కుల్లో విదేశీ భాషకు 150. ఆ విదేశీ భాష దాదాపు అందరికీ ఇంగ్లీషే. మాతృభాషకూ 150, లెక్కలకూ 150. కన్ఫ్యూషియస్ పుట్టిన గడ్డ మీద కన్ఫ్యూషియస్ భాషా షేక్‌స్పియర్ భాషా తక్కెడలో సరిసమానంగా తూగుతున్నాయన్నమాట. 2001 నుంచి మూడో తరగతిలోనే ఇంగ్లీషు మొదలుపెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. అంటే పిల్లవాడు ఆ హాల్లోకి అడుగుపెట్టేసరికి పదేళ్లు ఇంగ్లీషు చదివి ఉంటాడు. పదేళ్లు! సంగీతమైతే ఈపాటికి కచేరీ చేసేవాడు. వడ్రంగమైతే పదిళ్లకు తలుపులు బిగించేవాడు. ఇంగ్లీషు కాబట్టి జాబితా వల్లె వేశాడు.

ఆ పదేళ్ల చదువుకు మంగళాచరణం ‘ఫైన్’ అనే మాట. 1990ల్లో ప్రభుత్వ పాఠ్యపుస్తకాల సంస్థా, బ్రిటన్‌కు చెందిన లాంగ్‌మన్ ప్రచురణ సంస్థా కలిసి తెచ్చిన వాచకాల్లో లీ లేయ్ అనే అబ్బాయీ, హాన్ మేమేయ్ అనే అమ్మాయీ ఉండేవాళ్లు. కోట్లమంది పిల్లలు ఆ ఇద్దరి చెయ్యి పట్టుకునే ఇంగ్లీషులోకి దిగారు. ఎలా ఉన్నావని అడిగితే చాలు, ‘ఫైన్, థ్యాంక్యూ, అండ్ యూ’ అని ఆ తరం మొత్తానికీ ఒక్క ఊపిరిలో వచ్చేస్తుంది. దీని మీద చైనాలో ఏళ్ల తరబడి తిరుగుతున్న జోకొకటి ఉంది. అమెరికాలో ఒక చైనా ఆయన కారు లోయలో పడింది. పైనుంచి పోలీసు ‘హౌ ఆర్ యూ’ అని కేకేశాడు. కింద నెత్తురోడుతున్న మనిషి ‘ఫైన్, థ్యాంక్యూ, అండ్ యూ’ అన్నాడు. ఫైనే కదా అని పోలీసు వెళ్లిపోయాడు. మన ఆవు వ్యాసం కుర్రాడు ఆవును పరీక్ష పేపరు దాకే తోలుకెళ్లాడు. ఈయన లోయలోకి కూడా తోలుకెళ్లాడు.

ఈ మాటకు చైనా పుస్తకాలు ఇచ్చే మర్యాద చూడండి. బజారులో ఏ మాటల పుస్తకం తెరిచినా ఫైన్ ఎదురుగా చైనా లిపిలో ఇంచుమించు ఇవే ఉంటాయి: మంచి, నాజూకైన, సన్నని, ఒంట్లో బాగున్న, మబ్బులేని, ఆపైన జరిమానా, జరిమానా వేయు. మొత్తం ఏడు. వీటిలో ఒకదానికొకటి ఏమవుతుందో పుస్తకం చెప్పదు. ఆరోగ్యానికీ ఆకాశానికీ, సన్నదనానికీ జరిమానాకూ ఏమిటి చుట్టరికమని ఏ పిల్ల అయినా అడిగితే, ‘పరీక్షలో రాదు, కూర్చో’ అని జవాబు.

చుట్టరికం లేక కాదు. లాటిన్‌లో ‘ఫీనిస్’ అంటే ముగింపు, హద్దు. హద్దు దాకా సానపట్టి ముగించిన వస్తువు మేలైనది, కాబట్టి ఫైన్. అలా సానపట్టిన పనితనం నాజూకుగా, సన్నగా ఉంటుంది, కాబట్టి అదీ ఫైనే. మేలిమి అన్న గుణం రోజుకు తగిలిస్తే మబ్బులేని రోజు, ఒంటికి తగిలిస్తే ఆరోగ్యం. తగాదాను ముగించడానికి కట్టే సొమ్మూ ముగింపే కాబట్టి జరిమానా ఫైనయింది. ఫైనల్, ఫినిష్, ఆఖరికి ఫైనాన్స్ కూడా ఆ ఇంటి పిల్లలే. ఈ ఒక్క కథ చెబితే పదమూడేళ్ల పిల్లకు ఏడు అర్థాలూ కాసేపట్లో పట్టుబడతాయి, చచ్చేదాకా గుర్తుంటాయి. అందుకే చెప్పరు. కాసేపట్లో అయిపోయే పాఠానికి ఏ మొహం పెట్టుకుని ఏడాది ఫీజు అడుగుతారు?

ఇక మాటల పుస్తకం సంగతి. అక్షరక్రమంలో అచ్చేసే ఆ పుస్తకాల్లో మొదట తగిలే పెద్ద మాట ‘అబాండన్’. వదిలేయడమని అర్థం. పుస్తకమే మొదటి పేజీలో వదిలేయమని చెప్పాక గురువాక్యం జవదాటడం ఎందుకని అక్కడితోనే వదిలేశామని చైనా పిల్లలు తమ మీద తామే జోకులేసుకుంటారు. మళ్లీ కొత్త పుస్తకం, కొత్త సంకల్పం, మళ్లీ అబాండన్. ఆ దేశంలో ఎవరికి ఏ ఇంగ్లీషు మాట వచ్చినా రాకపోయినా ఆ ఒక్కటీ నిక్షేపంగా వస్తుంది. పుస్తకం పోయి ఫోన్ వచ్చినా తంతు మారలేదు. ‘బైత్సిజాన్’ అని పేరుమోసిన యాప్ ఒకటుంది. ఆ పేరుకు నూరు మాటల నరికివేత అని అర్థం. భాషతో తమ సంబంధం ఎలాంటిదో దాపరికం లేకుండా చెప్పుకున్నారు. నరికిన మాట లేచి మాట్లాడదన్న చిన్న విషయం మాత్రం వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు.

ఏడు అర్థాల్లో పిల్లవాడి తలలో నిలిచేది మొదటిదే. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. చైనా భాషలో ఆ మొదటి అర్థం ‘హావ్ ద’. చిక్కేమిటంటే, ‘హావ్ ద’ అంటే మంచిదనే కాదు, ‘సరే, అలాగే’ అని కూడా. ఇప్పుడు అమెరికన్ మిత్రుణ్ణి ఇంటికి భోజనానికి పిలిచిన చైనా కుర్రాణ్ణి ఊహించుకోండి. ఇంకొంచెం వడ్డించనా అంటాడు. మిత్రుడు ‘ఐ యామ్ ఫైన్’ అంటాడు. చాలు, వద్దు అని ఆయన భావం. సరే, వెయ్యి అని ఈయన జాబితా. వడ్డిస్తాడు. ఆయన మళ్లీ ఫైనంటాడు. ఈయన మళ్లీ వడ్డిస్తాడు. అతిథిమర్యాదకు మన గోదావరి జిల్లాలే పెట్టింది పేరనుకున్నాం కానీ, ఒక్క విశేషణంతో మనిషిని మంచాన పడేసే విద్య ఇంకా అక్కడికి చేరలేదు.

ఈ జాబితా పాండిత్యాన్ని కొలవడానికి ఒక నమూనా బిట్ పేపరు తయారుచేశాను. గావ్‌కావ్ అధికారులు ఉచితంగా వాడుకోవచ్చు.

ఒకటో ప్రశ్న. మెల్‌బోర్న్‌లో ఇల్లు అద్దెకు తీసుకుంటున్న చైనా విద్యార్థిని ‘ఫైన్ ప్రింట్ చదివావా’ అని అడిగారు. అతను ఏం చేయాలి? (అ) అచ్చు చక్కగా ఉందని మెచ్చుకోవాలి. (ఆ) పత్రం ఒంట్లో బాగానే ఉందని చెప్పాలి. (ఇ) కిటికీ తెరిచి మబ్బులున్నాయేమో చూడాలి. (ఈ) జరిమానా ఎంతో కనుక్కోవాలి. కీ: జాబితా ప్రకారం అన్నీ సరైనవే. డిపాజిట్ వెనక్కి రాదని అడుగున చీమతలకాయంత అక్షరాల్లో రాసి ఉన్న సంగతి సిలబస్‌లో లేదు.

రెండో ప్రశ్న. పెళ్లిరోజు మరిచిపోయిన భర్తతో భార్య ‘ఫైన్!’ అని తలుపు ధడేల్మని వేసుకుంది. ఆమె మనఃస్థితి ఏమిటి? (అ) మంచిది. (ఆ) నాజూకైనది. (ఇ) ఆరోగ్యకరమైనది. (ఈ) మబ్బులేనిది. కీ: ‘అ’ గుర్తించినవాళ్లకు పూర్తి మార్కులు. రాత్రి భోజనం మాత్రం బయటే.

మూడో ప్రశ్న. ఫైన్ ఆర్ట్స్‌లో ప్రపంచ ప్రసిద్ధుడైన అయ్ వేవేయ్‌తో సంబంధమున్న కంపెనీని 2011లో బీజింగ్ పన్ను అధికారులు బకాయిలూ జరిమానాలూ కలిపి సుమారు కోటీ 50 లక్షల యువాన్లు కట్టమన్నారు. అభిమానులు నోట్లను కాగితపు విమానాలుగా మడిచి ఆయన ఇంటి గోడ మీదుగా విసిరారు. ఇందులో ఫైన్ ఎక్కడుంది? (అ) కళలో. (ఆ) నోటీసులో. (ఇ) గోడ దాటిన విమానాల్లో. (ఈ) ఈ ప్రశ్న అడగకూడదు. కీ: ‘ఈ’. తక్కిన మూడూ గుర్తించినవాళ్లు ఇన్విజిలేటర్ను కలవాలి.

నాలుగో ప్రశ్న. సినీ దర్శకుడు జాంగ్ యీమౌ కుటుంబ నియంత్రణ చట్టాన్ని మీరి పిల్లల్ని కన్నందుకు 2014లో సుమారు 74 లక్షల 80 వేల యువాన్లు చెల్లించాడు. ఆ సొమ్మును ఏమంటారు? (అ) ఫైన్. (ఆ) ఫైన్. (ఇ) ఫైన్. (ఈ) సామాజిక పోషణ రుసుము. కీ: ‘ఈ’. పిల్లవాడు ఆరో అర్థం వల్లె వేయాలి, సర్కారు మాత్రం దాన్ని నోట పలకదు.

బిట్లు పక్కనబెట్టి ఆకాశం చూద్దాం. వాతావరణ పరిభాషలో ఫైన్ అంటే మబ్బులేని రోజు. కాలుష్య పరిభాషలో అదే ఫైన్ గాల్లో తేలే అతిసన్నని ధూళికి విశేషణం. 2013 జనవరిలో బీజింగ్‌ను కమ్మేసిన మసకలో ఉన్నది ఆ ధూళే. దాన్ని శాస్త్రవేత్తలు పీఎం 2.5 అంటారు, చైనా అధికారులు ఆ ఏడాదే సన్న రేణువులని సొంత భాషలో పేరు ఖాయం చేశారు. అంటే ఆ నెలలో బీజింగ్ గాలి నిండా ఫైన్, ఆకాశం మాత్రం ఫైన్ కాదు. జాబితా చదివిన పిల్లవాడు దీన్ని ఎలా విప్పుకోవాలి? అంతకు రెండేళ్ల ముందు, 2010 నవంబరులో, అమెరికా దౌత్య కార్యాలయం కొలత 500 గీత దాటేసరికి ‘క్రేజీ బ్యాడ్’ అని ప్రకటించి ఊరుకుంది. ఆ రెండు మాటలూ అందరికీ అర్థమయ్యాయి. వాటి మీద అప్పటికింకా కోచింగ్ మొదలుకాలేదు.

క్రేజీ అంటే గుర్తొచ్చింది. చదవగలరు, రాయగలరు, నోరు మాత్రం విప్పలేరు. ఈ స్థితికి చైనావాళ్లే ‘మూగ ఇంగ్లీషు’ అని పేరు పెట్టుకున్నారు. మూగతనానికి లీ యాంగ్ అనే ఆయన కనిపెట్టిన వైద్యం కేక. లాంజో విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు తప్పుతున్న ఈ కుర్రాడు 1980ల చివర ఆరుబయట గొంతు చించుకుని అరుస్తూ చదివి గట్టెక్కాడు. గట్టెక్కినవాడు ఊరుకుంటాడా? ‘క్రేజీ ఇంగ్లీష్’ పేరుతో స్టేడియాలు నింపి వేలమంది చేత ఒక్కసారే అరిపించాడు. దర్శకుడు జాంగ్ యువాన్ 1999లో ఈ జాతర మీద డాక్యుమెంటరీయే తీశాడు. జాబితాను నోట్లో గొణిగితే బట్టీ, మైకులో అరిస్తే ఉద్యమం. అరిచినవాళ్లకు ధైర్యం వచ్చిందేమో గానీ, ఫైన్‌కు ఎన్ని అర్థాలో మాత్రం అరుపులో వినిపించలేదు. చుట్టుపక్కల ఊళ్లకు మాత్రం వినిపించే ఉంటుంది.

ఇప్పుడు అసలు వ్యాపారం. పరీక్ష రాసే పిల్లలు తెలిసిన మాటల దగ్గరే బోల్తా పడుతున్నారని కోచింగ్ సెంటర్లు కనిపెట్టాయి. ‘బుక్’ అంటే పుస్తకమని తెలుసు, టికెట్ బుక్ చేయడం దగ్గర జారిపడ్డాడు. ‘స్కూల్’ అంటే బడని తెలుసు, చేపల గుంపును కూడా స్కూలంటారంటే నోరెళ్లబెట్టాడు. ‘ఫైన్’ సరేసరి. రోగం ఏమిటో స్పష్టంగానే ఉంది: మాటను వాక్యంలోంచి ఊడబెరికి, ఎదురుగా ఒక అర్థం అంటించడం. మాట అర్థం దాని పక్కనుండే మాటల్లో దొరుకుతుందని బ్రిటిష్ భాషావేత్త ఫర్త్ 1950ల్లోనే చెప్పాడు. మరి మందు? ఇంకో జాబితా! దానికి ‘షూ త్స షెంగ్ యీ’ అని ఘనమైన పేరు కూడా ఉంది. తెలిసిన మాటకు తెలియని అర్థమని భావం. మొదట ‘3500 మాటలు’ అని ఒక పుస్తకం అమ్మారు. అందులో చెప్పకుండా దాచిన అర్థాలతో రెండో పుస్తకం అమ్మారు. ఎగ్గొట్టిన సరుకుకే మళ్లీ ధర కట్టడం మామూలు కిరాణా కొట్టువాడి వల్ల కాదు. దానికి విద్యావేత్త కావాలి.

అర్థమంటే డబ్బు కూడానని మన పూర్వీకులు ఊరికే అనలేదు. బిల్లులు లెక్కపెట్టుకోండి. ఫైన్ మొదటి అర్థానికి బడి ఫీజు. రెండోదానికి సాయంత్రం ట్యూషను. మూడోదానికి తెలిసిన మాట తెలియని అర్థం క్లాసు. నాలుగోదానికి నరికివేత యాప్ చందా. కాలేజీలో చేరాక ఐదో బిల్లు: 1987లో మొదలైన సీఈటీ అనే కాలేజీ ఇంగ్లీషు పరీక్ష గైడ్లు. మొత్తం 710లో 425 దగ్గర గీత గీసి, అది దాటకపోతే పట్టా ఇవ్వబోమని చాలా విశ్వవిద్యాలయాలు ఏళ్లపాటు బెదిరించాయి. ఇంజినీరు కట్టిన వంతెన నిలబడుతుందా లేదా అన్నది తర్వాతి మాట, ముందు అతను విశేషణాల మీద నిలబడాలి.

ఆరో బిల్లు అమెరికా ప్రయాణానిది. యూ మిన్‌హోంగ్ అనే ఆయన గావ్‌కావ్ రెండుసార్లు తప్పి, మూడోసారి 1980లో పెకింగ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సీటు తెచ్చుకున్నాడు. 1993లో న్యూ ఓరియంటల్ అనే కోచింగ్ సంస్థ పెట్టాడు. ఆయన కూర్చిన జీఆర్‌ఈ మాటల పుస్తకాన్ని ఎర్ర అట్ట చూసి పిల్లలు ‘ఎర్ర రత్నం పుస్తకం’ అన్నారు. ఒకప్పుడు ఆ దేశంలో ఎర్ర అట్ట పుస్తకమంటే మావో సూక్తులు. రెండూ కంఠస్థం చేయాల్సినవే, రెండింటికీ ఎదురుప్రశ్న లేదు. ప్రశ్నపత్రాల హక్కుల మీద జీఆర్‌ఈ నడిపే ఈటీఎస్ 2001లో న్యూ ఓరియంటల్ మీద బీజింగ్‌లో కేసు వేసింది. 2003లో కోర్టు తప్పేనంది. మరుసటేడు పైకోర్టు పరిహారం తగ్గించింది గానీ కాపీహక్కు ఉల్లంఘన మాత్రం నిజమేనంది. మరోవైపు, కంప్యూటరు మీద పరీక్ష రాసి వచ్చినవాళ్లు ప్రశ్నలు గుర్తుపెట్టుకుని ఇంటర్నెట్లో పెట్టేవాళ్లు. ఆ సంకలనాలను ‘జీ జింగ్’ అంటారు. జింగ్ అంటే బౌద్ధ సూత్రాలకు వాడే పవిత్రమైన మాట. ఒకప్పుడు సూత్రగ్రంథాల కోసం షువాన్‌జాంగ్ కాలినడకన ఇండియాకు వచ్చాడు. ఇప్పుడు యంత్రం ముందు కూర్చుంటే సూత్రాలు దొరుకుతున్నాయి. ఈ భక్తిని తట్టుకోలేక ఈటీఎస్ 2002లో చైనా, తైవాన్, దక్షిణ కొరియాల్లో కంప్యూటరు పరీక్ష ఆపి మళ్లీ కాగితం మీదకు దిగింది.

ఇక ఏడో బిల్లు. ఏడో అర్థం గుర్తుందిగా: జరిమానా వేయు. దాన్ని మాత్రం పిల్లలు కట్టలేదు. 2021 జూన్‌లో చైనా మార్కెట్ నియంత్రణ సంస్థ 15 ట్యూషన్ సంస్థలకు, న్యూ ఓరియంటల్‌తో సహా, మొత్తం 3 కోట్ల 65 లక్షల యువాన్లు జరిమానా వేసింది. నేరాలేమిటంటారా? అబద్ధపు ప్రకటనలు, ధరల మోసం. ఫైన్ అనే మాటను అంతకాలం అమ్మినవాళ్లకు దాని ఆఖరి అర్థాన్ని సర్కారే ప్రాక్టికల్ క్లాసు పెట్టి నేర్పింది. ఆ తర్వాతి నెలలో ఇంకా పెద్ద పాఠం జరిగింది. బడి పాఠాలకు ట్యూషన్ చెప్పి లాభం తీయడమే నిషేధించారు. యూ మిన్‌హోంగ్ కంపెనీ విలువ కుప్పకూలింది. 60 వేల మందిని ఇంటికి పంపామని ఆయనే చెప్పుకున్నాడు. క్లాసుల్లోని సుమారు 80 వేల బల్లలూ కుర్చీలూ పల్లె బడులకు దానమిచ్చాడు. వేలమంది పిల్లలు ఇంగ్లీషు మూగవాళ్లయిన బల్లలు అవే. పల్లెలవాళ్లు కడుక్కుని వాడుకున్నారని ఆశిద్దాం.

అసలు తమాషా ఇక్కడే మొదలైంది. వీధిన పడ్డ ఇంగ్లీషు మాస్టార్లను యూ మిన్‌హోంగ్ లైవ్‌లో సరుకులు అమ్మడానికి కూర్చోబెట్టాడు. 2022 జూన్‌లో డాంగ్ యూహుయ్ అనే మాస్టారు ఒక చేత్తో పశుమాంసం ముక్క చూపిస్తూ, ఇంకో చేత్తో తెల్లబోర్డు మీద దాని గురించి ఇంగ్లీషు మాటలు రాస్తూ, మధ్యలో కవిత్వం, చరిత్ర, అమ్మ చేతి వంట కలిపి కబుర్లు చెప్పాడు. దేశం దేశమంతా ఫోన్లకు అతుక్కుపోయింది. బియ్యం, మొక్కజొన్న, పీచ్ పళ్లు గంటల్లో ఖాళీ. జనం మాంసం కొన్నారు, ఇంగ్లీషు కొసరుగా వచ్చింది. ఎందుకొచ్చింది? మాట వస్తువుతో పాటు వచ్చింది, నవ్వుతో పాటు వచ్చింది, పక్కమాటలతో కలిసి వచ్చింది, చివర బిట్లు లేవు. పదేళ్ల బడీ, ఆరు బిల్లులూ చేయలేని పనిని ఒక మాంసం ముక్క చేసింది. దేశంలో ఇంగ్లీషు సవ్యంగా నేర్పాలంటే ముందు ఇంగ్లీషు నేర్పడం నిషేధించాలని దీని వల్ల తేలింది.

చైనాకు ఈ విద్య కొత్తేమీ కాదు. 1982లో బీబీసీ ‘ఫాలో మీ’ పాఠాలు చైనా సెంట్రల్ టెలివిజన్‌లో వచ్చేవి. టీవీలు తక్కువ, ఆశ ఎక్కువ. ఉన్న ఒక్క టీవీ ముందు చుట్టుపక్కల ఇళ్లన్నీ కూర్చునేవి. పాఠం చెప్పిన క్యాథీ ఫ్లవర్ ఇంటింటి పేరయింది. షాంఘై పీపుల్స్ పార్కులో ముక్కూమొహం తెలియనివాళ్లు చేరి వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్లు. దానికి ‘ఇంగ్లీషు మూల’ అని పేరు. బోలెడు తప్పులు దొర్లేవి. తప్పుకు మార్కు తీసేవాడు అక్కడ లేడు కాబట్టి ఫైన్‌కు అర్థం ఎదుటి మనిషి మొహంలోనే తెలిసిపోయేది. ఫీజు లేదు, గైడు లేదు, ర్యాంకు లేదు. పాపం, అందుకే పరిశ్రమ కాలేకపోయింది.

మనం నవ్వుతున్నాం బాగానే ఉంది. అమీర్‌పేటలో జీఆర్‌ఈ కోచింగ్‌కు వెళ్లిన తరాన్ని అడగండి. బ్యారన్స్ వారి 3500 మాటల జాబితా ఏ ఇంట్లో నలగలేదు? జీవితంలో ఒక్కసారీ నోట పలకని మాటల్ని అట్టముక్కల మీద రాసుకుని, సిటీ బస్సులో తిప్పుకుంటూ, బీజింగ్ కుర్రాడితో పోటీపడి నమిలాం. ఎదుటి మాటకు వ్యతిరేక పదం పట్టుకోమనే ప్రశ్నల్ని ఈటీఎస్ 2011లో ఎత్తేసింది. అప్పటిదాకా ఆ మాటలన్నీ నెత్తికెత్తుకున్న మనవాళ్లు డాలస్‌లో దిగాక, షాపులో కౌంటర్ పిల్ల ‘యూ ఆర్ ఫైన్’ అంటే జరిమానా ఎందుకో అర్థంకాక పర్సు తీశారు. ఏం పర్లేదని ఆ పిల్ల ఉద్దేశం. చైనావాడి జాబితాకూ మన జాబితాకూ అట్ట రంగే తేడా.

జాబితా మీద ఈ వెక్కిరింతకు ఒక జవాబు ఉంది, అది వ్యంగ్యానికి లొంగేది కాదు. గాన్సులోనో గుయ్‌జోలోనో కొండపల్లె పిల్లకు జాబితా తప్ప ఏముంది? ఇంగ్లీషు సినిమా లేదు, విదేశీ టీచరు లేడు, అమెరికా మేనమామ లేడు. కొన్ని యువాన్లకు దొరికే మాటల పుస్తకమే ఆమె నిచ్చెన. షాంఘై ధనవంతుడి కొడుక్కూ ఆమెకూ సమానంగా దొరికే ఏకైక సరుకు అదే. నిజం. కానీ ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని బతికింది ఆ పిల్ల కాదు. నిచ్చెన మెట్లు ఎన్నో, ఎంత ఎత్తో నిర్ణయించినవాడూ, మెట్టుకు ఇంత అని వసూలు చేసినవాడూ బతికారు. ధనవంతుడి కొడుక్కు 2021 దాకా వీడియోలో అమెరికన్ టీచరు దొరికాడు. ఆ పిల్లకు దొరికింది అబాండన్.

పెద్దల స్పందన ఇంకా ముచ్చటైనది. ఇంగ్లీషు మార్కులు 150 నుంచి 100కు తగ్గిద్దామని 2013లో బీజింగ్ ప్రతిపాదించింది. అక్కడ ఇప్పటికీ 150కి 150 అలాగే ఉన్నాయి. ప్రాథమిక బడుల్లో ఇంగ్లీషు ఫైనల్ పరీక్ష వద్దని 2021లో షాంఘై అంది. అసలు ఇంగ్లీషునే ముఖ్య సబ్జెక్టుల్లోంచి తీసేద్దామని ఏటా ఎవరో ఒకరు లేస్తున్నారు. పరీక్ష వల్ల భాష చచ్చిపోతోందంటే వీళ్లకు తోచిన ఉపాయం భాషను తీసేయడం. పరీక్షను మాత్రం ఎవరూ ముట్టుకోరు. అది లేకపోతే పిల్లల్ని వరసలో నిలబెట్టేదెలా?

చేయాల్సింది చిన్న పనే. ఫైన్ అంటే ఏమిటి అని నాలుగు బిట్లు ఇవ్వడం మానండి. ఫైన్‌తో నీకు తోచిన మూడు వాక్యాలు రాయమనండి, లేదా ఎదురుగా ఉన్నవాడితో మూడు నిమిషాలు మాట్లాడమనండి. కోటిమందికి పైగా రాసే జవాబులు దిద్దడం కష్టమని అధికారులు అంటారు. కష్టమే. పదేళ్లు చదివింది పిల్లలు కదా, ఒక్క నెల కష్టపడితే అధికారుల సొమ్మేం పోయింది?

ఒక మాటకు ఏడు అర్థాలుండటం ఇంగ్లీషు చేసిన నేరం కాదు, అవి పట్టుబడకపోవడం చైనా పిల్లల మందబుద్ధీ కాదు. నేరం ఆ ఏడింటినీ విడదీసి ఒక్కొక్కటిగా అమ్మినవాళ్లదీ, ఆ సరుకుకు గిరాకీ పుట్టించిన పరీక్షదీ. అమ్మినవాళ్లు 2021లో జరిమానా కట్టారు. పరీక్ష ఇంకా కట్టలేదు.